అరువు యంత్రం, సొంత ఊరు: అభిమానుల ధారావాహిక సైన్సు కథల గురించి

ఈమధ్య మన సంఘం నెలవారీ సమావేశంలో ఒక మిత్రుడు ఒక ప్రశ్న వేశారు. "కుర్రకారు ఫోన్లలో రాసుకుని పంచుకుంటున్న ఈ సైన్సు సీరియళ్ళను కూడా మనం సాహిత్యం కింద లెక్కించాలా? ఒకరు సృష్టించిన లోకాన్ని మరొకరు తీసుకుని సాగదీయడం రచన ఎలా అవుతుంది?" సభలో చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. అలాగని సమాధానమూ చెప్పలేదు. అందుకు కారణముంది. అంతకు ఏడాది కిందట ఇదే ప్రశ్నకు నేను తప్పు సమాధానం చెప్పి ఉన్నాను. చెప్పింది సభలో కాదు, నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడికి. ఫలితంగా అతను కొన్ని నెలలపాటు రాయడం మానేశాడు.

ఇది నా సొంత విషయమే అయితే పత్రికకెక్కించవలసిన పనిలేదు. కాని ఆనాడు నేను అతనికి చెప్పిన మాటలు నా సొంతం కావు. దశాబ్దాలుగా మన విమర్శ అలవాటుగా చెబుతూ వస్తున్న మాటలే. అనుకరణ వద్దు, పలాయనం వద్దు, బజారు సరుకు వద్దు, వాస్తవాన్ని నేరుగా రాయి. ఇందులో ఏ మాటా అబద్ధం కాదు. మరి తప్పు ఎక్కడ జరిగింది? దాన్ని వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

నేను గాజువాక ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమంది ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళ పిల్లలు. వీళ్ళలో కొందరి తాతల ఊళ్ళు ఇప్పుడు కర్మాగారం ప్రహరీ లోపల ఉన్నాయి. ఉన్నాయనడం కూడా తప్పే. ఆ ఊళ్ళు లేవు. ఆ స్థలం ఉంది. విశాఖ ఉక్కు కోసం ఖాళీ అయిన ఊళ్ళు 64 అని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆ జనం వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ ప్రాంతాల నిర్వాసిత కాలనీల్లోకి చేరారు. 'ఆర్ కార్డు' అన్న మాటకు మిగతా రాష్ట్రంలో అర్థం తెలియకపోవచ్చు. ఇక్కడ అది ఇంటింటి కథ. భూమి పోయిన కుటుంబానికి ఉద్యోగం మీద హక్కు ఉందని చెప్పే కాగితం అది. కొందరికి ఉద్యోగం వచ్చింది. కొందరికి కాగితమే మిగిలింది.

నేను చెబుతున్న కుర్రాడు అలాంటి కుటుంబంవాడు. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సు చేసి, ఒక కాంట్రాక్టరు కింద పనికి వెళ్తున్నాడు. ఆదివారానికి ఒక భాగం చొప్పున సైన్సు కథ రాసి స్నేహితులకు పంపుతాడు. వాళ్ళు చదివి తమ తమ అభిప్రాయాలు చెప్పి మరికొందరికి పంపుతారు. మొదటి ఏడు భాగాలూ ఒకచోట చేర్చి నాకు పంపాడు.

ఆ కథకు ఆధారం 'ఆదిత్య 369' సినిమా. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ఆ సినిమాలో కాలయంత్రం మనుషుల్ని 1526 నాటి విజయనగరానికీ, అక్కడి నుంచి అణుయుద్ధం తర్వాతి భవిష్యత్తుకూ తీసుకుపోతుంది. సినిమా వచ్చేనాటికి మా కుర్రాడు పుట్టలేదు. టీవీలో చూశాడు, ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలియదు. ఆ యంత్రాన్ని తీసుకుని తన కథలో పెట్టుకున్నాడు. మొదటి ఆరు భాగాల్లో అతనిది అంటూ ఏమీ లేదు. దొంగలు, వెంటాడడాలు, మీటలు నొక్కడాలు. ఏడో భాగంలో మీట ఒకటి చెడిపోయి యంత్రం 1971 ప్రాంతంలో ఒక పల్లె పొలిమేరలో ఆగుతుంది. జీడిమామిడి తోటలు, తాటితోపు, కాస్త దూరంలో సముద్రం. పొలాల్లో సర్వేవాళ్ళు గొలుసులు లాగుతూ రాళ్ళు పాతుతున్నారు. బావి దగ్గర కనబడిన ఒక యువకుడు కథానాయకుణ్ణి "ఏ ఊరబ్బీ మీది?" అని అడుగుతాడు. ఆ అడిగినవాడు తన తాతేనని కథానాయకుడికి తెలుస్తుంది. కాని జవాబు చెప్పలేకపోతాడు. తన ఊరు ఇదే, కాని తాను ఈ ఊరివాడు కాడు.

అది చదివి నాకు సంతోషం కలిగింది. విమర్శకుడి సంతోషం సలహాగా మారడానికి ఎంతోసేపు పట్టదు. అతన్ని పిలిపించి చెప్పాను. "వస్తువు చాలా బలమైనది. ఆ సినిమా మిషను తీసెయ్యి. నేరుగా మీ తాత కథ రాయి. నిర్వాసితుల మీద మంచి వాస్తవిక కథ అవుతుంది. పత్రికకు పంపుదాం." అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎనిమిదో భాగం రాలేదు. నేను కోరిన వాస్తవిక కథా రాలేదు. చాలా నెలలకు పాత గాజువాక కూడలిలో ఎదురుపడితే ఏమైందని అడిగాను. మొహమాటపడుతూ అన్నాడు: "ఆ మిషను లేకపోతే మా ఊరెలాగ ఎల్తాను సార్?"

నా పదేళ్ళ విమర్శ చదువును ఆ ఒక్క ప్రశ్న నిలదీసింది. నా దృష్టిలో ఆ ఊరు ఒక 'వస్తువు'. వస్తువు ఎక్కడో సిద్ధంగా ఉంటుందనీ, రచయిత వెళ్ళి దాన్ని తెచ్చుకోవాలనీ నేననుకున్నాను. అతను ఆ ఊరు చూడలేదు. చూసిన తాత బతికి లేడు. ఇంట్లో ఒక ఫొటో కూడా లేదు. పరిశీలించి రాయమంటే దేన్ని పరిశీలించాలి? వాస్తవికవాద రచయితకు కళ్ళముందు జీవితముంటుంది. ఈ కుర్రాడికి కళ్ళముందున్నది ప్రహరీగోడ. గోడ దాటడానికి అతని చేతిలో ఉన్నది సినిమాలోంచి అరువు తెచ్చుకున్న యంత్రం ఒక్కటే. దాన్నే నేను లాగేసుకున్నాను.

2

ఇప్పుడు మన అభ్యంతరాలను ఒక్కొక్కటిగా చూద్దాం. మొదటిది అనుకరణ. వేరొకరి లోకంలోకి ప్రవేశించి రాయడం తక్కువ పని అంటాం. ఈ మాట అనడానికి తెలుగువాళ్ళకు ఉన్న హక్కు ఎంత? మనం ఆదికావ్యమని చెప్పుకునేదే మూలంలో వ్యాసుడి కథ. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపితే, తిక్కన విరాటపర్వం నుంచి సాగించాడు. మధ్యలో మిగిలిపోయిన భాగాన్ని ఎర్రన పూరించాడు. అదీ నన్నయ శైలిని అందుకుని, నన్నయ కృతిభర్త రాజరాజుకే అంకితం చేస్తూ పూరించాడు. పదకొండో శతాబ్దంలో మొదలై పద్నాలుగో శతాబ్దంలో పూర్తయిన ఈ గ్రంథాన్ని మనం అనుకరణ అనడం లేదు.

అది భక్తితో చేసిన కొనసాగింపు అనవచ్చు. తిరుగుబాటుతో చేసిన కొనసాగింపులూ మనకున్నాయి. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' రాశారు. 1970లలో రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' రాశారు. ఓల్గా 'విముక్త' కథల్లో సీత ఇతర స్త్రీలను కలిసి మాట్లాడుతుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. వీళ్ళెవరూ కొత్త పాత్రలను సృష్టించుకోలేక పాత పాత్రలను తీసుకోలేదు. జనం మనసుల్లో ఇప్పటికే స్థిరపడిన కథలోకి ప్రవేశిస్తేనే ఆ కథను ప్రశ్నించగలమని తీసుకున్నారు. గిరీశాన్ని 'కన్యాశుల్కం'లోంచి లాక్కొచ్చి ముళ్ళపూడి వెంకటరమణ సినిమాల మీద లెక్చర్లిప్పిస్తే హాయిగా నవ్వుకున్నాం. గురజాడ పాత్రను దొంగిలించాడని ఎవరమూ అనలేదు.

కనుక అరువు తెచ్చుకోవడం దోషం కాదు. అరువు తెచ్చుకున్నదానితో ఏ పని చేశారన్నదే పరీక్ష. మా కుర్రాడి మొదటి ఆరు భాగాలు ఆ పరీక్షలో నిలవవు. ఏడోది నిలుస్తుంది. ఈ తేడాను చెప్పవలసిన చోట నేను యంత్రాన్నే తీసెయ్యమన్నాను.

3

రెండో అభ్యంతరం పలాయనం. సైన్సు కథ అంటే నేల విడిచిన సామని మనలో చాలామందికి అభిప్రాయం. ఈ అభిప్రాయానికి చరిత్ర ఉంది. 1980లలో వారపత్రికల సీరియళ్ళు తెలుగు పాఠకులను ఏలాయి. చేతబడుల కథగా 'తులసిదళం' విజృంభించినప్పుడు రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని పుస్తకం రాసి ఎదిరించారు. క్షుద్ర సాహిత్యం మీద అభ్యుదయ శిబిరం చేసిన పోరాటం న్యాయమైనది. అయితే అదే కాలంలో అదే పాపులర్ రచయితలు సైన్సును కూడా వాడుకున్నారు. యండమూరి 'యుగాంతం', 'చీకట్లో సూర్యుడు' రాశారు. మల్లాది 'నత్తలొస్తున్నాయి జాగ్రత్త' రాశారు. వీటిని మనం ఏ గాటన కట్టాం? చేతబడి గాటనే కట్టి వదిలేశాం. అందులో సైన్సు ఎంత, భయం ఎంత, శాస్త్రజ్ఞుణ్ణి మాంత్రికుడి స్థానంలో కూర్చోబెట్టడం ఎంత అని విడదీసి చూసిన విమర్శ నాకు తెలిసి చాలా తక్కువ. సైన్సు చదివి కథలు రాసిన కవనశర్మ వంటివారిని కూడా వ్యంగ్య రచయితగా గుర్తుపెట్టుకున్నంతగా సైన్సు కథకుడిగా చర్చించలేదు.

ప్రపంచంలో ఈ ప్రక్రియ చరిత్ర చూస్తే పలాయనమన్న మాట నిలవదు. 1905లో రొకేయా సెఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. అందులో మగవాళ్ళు ఇళ్ళలో ఉంటారు, స్త్రీలు సూర్యశక్తితో దేశాన్ని నడుపుతారు. 1908లో రష్యన్ బోల్షివిక్ బొగ్దానోవ్ 'రెడ్ స్టార్' రాశాడు. అందులో కుజగ్రహం మీద సమసమాజం ఉంటుంది. 1905 విప్లవం ఓడిపోయిన నిస్పృహలో వచ్చిన పుస్తకమది. కుజుడి మీదికి పారిపోవడానికి కాదు, రష్యాలో తిరిగి నిలబడడానికి రాసిన పుస్తకం.

మన చర్చకు ఇంకా దగ్గరి ఉదాహరణ అమెరికాలో ఉంది. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే పత్రిక పెట్టి పాఠకుల ఉత్తరాలను వాళ్ళ చిరునామాలతో సహా అచ్చువేశాడు. పాఠకులు పత్రికతో పని లేకుండా తమలో తాము ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. 1930 నాటికి సొంతంగా సైక్లోస్టైలు పత్రికలు తెచ్చుకున్నారు. మన లిఖిత పత్రికల వంటివే అవి. 1938లో న్యూయార్క్‌లో 'ఫ్యూచూరియన్స్' అనే కుర్రాళ్ళ బృందం ఏర్పడింది. చాలామంది పేద ఇళ్ళవాళ్ళు, కొందరు వామపక్షం వాళ్ళు. సైన్సు కథ ఫాసిజాన్ని చూసీ చూడనట్లు ఉండగూడదని వాదించారు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్సు ఫిక్షన్ మహాసభలోకి వాళ్ళలో ఆరుగురిని నిర్వాహకులు రానివ్వలేదు. బయట నిలబెట్టినవాళ్ళలో ఫ్రెడరిక్ పోల్, సిరిల్ కార్న్‌బ్లూత్ ఉన్నారు. 1952లో ఆ ఇద్దరే కలిసి ఒక నవలను ఒక పత్రికలో ధారావాహికగా రాశారు. ప్రకటనల కంపెనీలు ప్రభుత్వాలనే మింగేసిన లోకాన్ని చిత్రించిన ఆ నవల మరుసటి ఏడాది 'ది స్పేస్ మర్చంట్స్' పేరుతో పుస్తకమైంది. అభిమానుల గుంపులోంచి, ధారావాహిక రూపంలోంచే ఆ విమర్శ పుట్టింది.

ఇక విశాఖ సంగతి. కొండకు సొరంగం తవ్వి రాకెట్ పెట్టడం ఇక్కడివాళ్ళకు ఊహ కావచ్చునేమో గాని, ఊళ్ళు మాయం కావడం ఊహ కాదు. విషవాయువు ఊహ కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరికి మనుషులు నడుస్తూ నడుస్తూ కూలిపోయారు. భవిష్యత్తు అనేది ఈ నగరానికి ఎప్పుడూ ఎవరో పైనుంచి ప్రకటించేదే. 1933లో ఓడరేవు, తర్వాత ఓడల కర్మాగారం, తర్వాత ఉక్కు. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ 1500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతానని ప్రకటించింది. ప్రకటించే భవిష్యత్తును మరో వైపు నుంచి, భూమి ఇచ్చేవాడి వైపు నుంచి ఊహించడం పలాయనమెలా అవుతుంది?

4

మూడో అభ్యంతరం బజారు. ఇది అన్నిటికంటె బలమైనది, దీన్ని తోసిపుచ్చడం నాకిష్టం లేదు.

ధారావాహిక రచనలో రచయిత పాఠకుడి ముందు ఎప్పుడూ నిలబడి ఉంటాడు. వారంవారం తీర్పు వస్తుంది. వారపత్రికల కాలంలో ఆ తీర్పు ఉత్తరాల రూపంలో, సర్క్యులేషను రూపంలో వచ్చేది. ఉత్కంఠతో భాగం ముగించడం, మూడు వారాల కథను ముప్పై వారాలకు సాగదీయడం అప్పుడు పుట్టిన జబ్బులే. ఇప్పుడు తీర్పు గంటల్లో వస్తుంది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వంటి సంస్థలు తెలుగు సీరియళ్ళకు లక్షల మంది పాఠకులను చూపించాయి. ముఖ్యంగా ఎన్నడూ పత్రికల గడప తొక్కని గృహిణులూ ఉద్యోగినులూ రచయిత్రులయ్యారు. ఇది చిన్న విషయం కాదు. కాని ఎందరు చదివారో చూపించే అంకె ప్రతి భాగం పక్కనా కనబడుతుంటే, రచయిత చెయ్యి తెలియకుండానే ఆ అంకె వైపు వంగుతుంది.

ఇక్కడ అభిమానుల కథకు ఒక విచిత్రమైన రక్షణ ఉంది. అరువు తెచ్చుకున్న లోకంలో రాసిన కథను అమ్ముకోవడానికి వీలులేదు, ఎందుకంటే ఆ లోకం హక్కులు వేరొకరివి. అమ్ముకోవడానికి వీలులేని కథకు పాఠకుడు కొనుగోలుదారు కాడు. మరి ఏమవుతాడు? ఈ ప్రశ్నకు మా కుర్రాడి సీరియలే సమాధానం చెప్పింది.

కూడలిలో ఆ మాట విన్న రోజే నేను నా సలహాను వెనక్కి తీసుకున్నాను. "మిషనుతోనే వెళ్ళు" అన్నాను. మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. ఎనిమిదో భాగానికే ఒత్తిడి మొదలైంది. హీరోయిన్ ఎక్కడ? ఊరు చాలు, రాజులకాలానికి ఎప్పుడు వెళ్తాం? పాఠకుల మాట విని తొమ్మిదో భాగంలో ఒక అమ్మాయినీ ఒక గుర్రాన్నీ తెచ్చాడు. అది సీరియల్ మొత్తంలో అధమమైన భాగం. బజారు లేని చోట కూడా బజారు అలవాట్లు పనిచేస్తాయని అప్పుడు తెలిసింది.

తర్వాత వేరొకటి జరిగింది. ఒక పాఠకుడు ఆ కథను ఇంట్లో ముసలాయనకు చదివి వినిపించాడు. ఆయన ఆ ఊరివాడే. విని, మనవడి ఫోన్లో మాట రికార్డు చేసి పంపాడు. "బావి కాడ చింతచెట్టు లేదు బాబూ. అది రావిచెట్టు. చింతచెట్టు గుడి ఎనకాల." తర్వాతి భాగంలో కుర్రాడు కథ మధ్యలో ఆపి, పోయినవారం చెట్టు తప్పు చెప్పానని ఒప్పుకుని, చెట్టును మార్చాడు. దాంతో మరి కొందరు ముసలివాళ్ళు నోరు విప్పారు. ఎవరి ఇల్లు ఎటువైపు, ఏ పొలంలో ఏ పంట, ఎవరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ పోయారు. పదకొండో భాగం నాటికి ఆ పల్లెలో వీధులున్నాయి, వీధుల్లో మనుషులున్నారు.

అచ్చయిన పుస్తకంలో చెట్టు తప్పు పడితే అలాగే ఉండిపోతుంది. వారంవారం నడిచే కథలో చెట్టు మారుతుంది. ధారావాహిక రూపానికున్న ఈ శక్తిని మన విమర్శ చూడలేదు. ప్రజలనుంచి నేర్చుకోవాలని మనం ఎన్ని తీర్మానాలు చేశాం! ఆ నేర్చుకోవడం జరిగే ఒక రూపం కళ్ళముందుంటే, అది సినిమా అభిమానుల గోల అని నవ్వాం. అమ్మకం లేని చోట పాఠకుడు సాక్షి అవుతాడు, ఒక్కోసారి సహరచయిత అవుతాడు. అయ్యే అవకాశముందని మాత్రమే అంటున్నాను. తప్పనిసరిగా అవుతాడని కాదు. గుర్రాన్ని కోరిందీ ఆ పాఠకులే, చెట్టును సరిదిద్దిందీ ఆ పాఠకులే.

5

ఇంత చెప్పాక ఆ సీరియల్‌లోని లోపాలు చెప్పకపోతే ఇది విమర్శ కాదు, పొగడ్త అవుతుంది.

మొదటి లోపం ఊరి చిత్రణలో ఉంది. పోయిన ఊరు కనుక అది స్వర్గంలా కనబడుతుంది. అందరూ కలిసిమెలిసి ఉంటారు. భూమి ఎవరిది, కౌలు ఎవరిది, కూలి ఎవరిది అన్న ప్రశ్న లేదు. భూమి ఉన్నవాడికి పరిహారముంది, కాగితముంది. భూమిలేని కూలికి ఊరు పోవడంతో అన్నీ పోయాయి. కాలయంత్రం ఊరి పెద్దవీధిలో ఆగింది గాని మాలపేటకు వెళ్ళలేదు. ఈ మాట అతనికి చెప్పాను. "అటేపు వాళ్ళెవరూ మా గ్రూపులో లేరు సార్" అన్నాడు. పాఠకుల సమాజానికి ఉన్న హద్దే కథకు హద్దయింది. పంచుకోవడమనేది ఎవరి మధ్య అన్న ప్రశ్న వేయకుండా పంచుకోవడాన్ని మెచ్చుకోవడం పొరపాటు.

రెండో లోపం స్త్రీలు. తాత మాట్లాడతాడు, నాన్న మాట్లాడతాడు. నాయనమ్మ నీళ్ళు మోస్తుంది. ఈ లోపాన్ని పట్టుకున్నది నేను కాదు, ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి. పట్టుకుని ఊరుకోలేదు. పదో భాగాన్ని నాయనమ్మ వైపు నుంచి తానే మళ్ళీ రాసి పంపింది. అందులో నాయనమ్మ ఒకే ఒక మాట అడుగుతుంది: పొలంలో ఇద్దరం పనిచేశాం గదా, కాగితం మీద ఒక పేరే ఎందుకుంది? అభిమాని కథకు మరో అభిమాని కథ పుట్టింది. 1967లో అమెరికాలో 'స్టార్ ట్రెక్' అనే టీవీ ధారావాహిక మీద అభిమానులు తెచ్చుకున్న తొలి పత్రిక 'స్పాకనేలియా'. దాని సంపాదకులిద్దరూ స్త్రీలే. తమకు చోటులేని కథలో చోటు చేసుకోవడానికి స్త్రీలు ఈ దారిని ఎంచుకోవడం కాకతాళీయం కాదు.

మూడో విషయం లోపం కాదు, గుణం. మన సైన్సు కథల్లో, సినిమాల్లో యంత్రాన్ని ఒక మేధావి ఒంటరిగా చేస్తాడు. గడ్డం, కళ్ళద్దాలు, ప్రయోగశాల. యంత్రానికి కార్మికుడు ఉండడు. మా కుర్రాడి కథలో యంత్రం చెడిపోతే బాగుచేసేది శాస్త్రజ్ఞుడు కాదు, ఫిట్టరు. ఏ బోల్టు అరిగింది, గాస్కెట్ ఎందుకు లీకయింది, విడిభాగం దొరకనప్పుడు దేంతో సరిపెట్టాలి అన్నదంతా అతను అలవోకగా రాశాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకు నదుల పేర్లూ దేవత పేరూ పెట్టుకున్న నగరంలో, ఆ కొలుముల దగ్గర నిలబడే మనిషి సైన్సు కథలోకి రావడానికి ఇంతకాలం పట్టింది. ఆ వాక్యాలను నేను రాయలేను. ఎం.ఏ. తెలుగు వాటిని నేర్పదు.

6

పన్నెండో భాగం దగ్గర కథ ఒక చిక్కులో పడింది. సైన్సు కథల్లో అరిగిపోయిన చిక్కు ఒకటుంది. గతంలోకి వెళ్ళినవాడు తన తాతను చంపితే తానెలా పుడతాడు? ఎన్నో దేశాల రచయితలు ఈ పొడుపుకథతో ఆడుకున్నారు. మా కుర్రాడికి అది వేరే రూపంలో ఎదురైంది. సర్వేవాళ్ళు రాళ్ళు పాతుతున్నారు. రాత్రి ఎవరూ లేరు. కథానాయకుడు రాయి మీద చెయ్యి వేశాడు. పాఠకులంతా ఒకటే గోల: పీకెయ్, పీకెయ్.

పీకితే ఊరు నిలుస్తుంది. కాని కర్మాగారం ఉండదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోశారు, ఆ ఉక్కు ఉండదు. తండ్రి ఉద్యోగం ఉండదు. ఆ జీతంతో కట్టిన ఇల్లు, తన చదువు, తాను నేర్చుకున్న ఫిట్టరు పని ఏవీ ఉండవు. పైగా 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారాన్ని నూటికి నూరుపాళ్ళు ప్రైవేటుపరం చేయడానికి నిర్ణయించినప్పుడు, దాన్ని కాపాడుకోవడానికి రోడ్డెక్కినవాళ్ళలో ఆ కుటుంబమూ ఉంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించినా వాళ్ళ భయం తీరలేదు. ఏ కర్మాగారం తమ ఊరిని తీసుకుందో, ఆ కర్మాగారాన్ని తమ ఊరంతగా కాపాడుకోవలసిన స్థితి వాళ్ళది.

ఈ వైరుధ్యాన్ని నేను కోరిన 'నిర్వాసితుల మీద మంచి వాస్తవిక కథ' పట్టుకోగలిగేదా? నాకు నమ్మకం లేదు. అది కన్నీళ్ళతో ఊరు ఖాళీ చేసే దృశ్యం దగ్గర ముగిసేది. దళారీనో అధికారినో దుర్మార్గుణ్ణి చేసి ఊరుకునేది. అరువు తెచ్చుకున్న యంత్రం రెండు కాలాలనూ ఒకే రాయి మీద పెట్టింది. రాయి పీకాలా వద్దా అన్న ప్రశ్న పాఠకుడి ఒంటికి తగిలేలా చేసింది. గతితర్కం గురించి మనం రాసే వ్యాసాలు పాఠకుల్లో ఇంతటి తగవు పెట్టగలిగాయా? పన్నెండో భాగం తర్వాత ఆ పాఠకులు రెండుగా చీలిపోయారు. తండ్రీ కొడుకులు చెరోవైపు ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయని విన్నాను.

కనుక మన సంఘానికి నా సూచనలు కొన్ని. ఇలాంటి కథలను చదువుదాం. చదివి, మూలం ఎక్కడిదని కాక గమ్యం ఎక్కడికని అడుగుదాం. అంకెల వెంటపడే సీరియల్‌కూ, సాక్షులను పోగుచేసే సీరియల్‌కూ తేడా చెబుదాం. ఆ సమాజాల్లో ఎవరు లేరో చూసి, లేనివాళ్ళను చేర్చమని అడుగుదాం. మన సాహిత్య పాఠశాలలకు ఈ రచయితలను పిలుద్దాం, పాఠం చెప్పడానికి మాత్రమే కాదు, వినడానికి కూడా. ముఖ్యంగా, ఒక కుర్రాడు చేతిలో ఏదో వాహనం పట్టుకుని వస్తే, అది ఎవరిదని నిలదీసి లాగేసుకునే ముందు అతను ఎక్కడికి బయలుదేరాడో అడుగుదాం.

పోయిన ఆదివారం అతను ఇంటికి వచ్చాడు. "పదమూడో భాగం రాయలేకపోతున్నాను సార్. రాయి పీకమంటారా, వద్దంటారా?" అని అడిగాడు. మునుపటి నేనైతే వెంటనే ఒక సమాధానం చెప్పి ఉండేవాణ్ణి. ఈసారి, రాయి పాతినవాళ్ళలో కూలివాడు ఎవడైనా ఉన్నాడా, ఉంటే అతనిది ఏ ఊరు అని మాత్రం అడిగాను. కాసేపు ఆలోచించి, "కనుక్కుంటాను సార్" అని వెళ్ళాడు. ఇప్పుడు నేనూ ఆదివారం కోసం ఎదురుచూసే పాఠకుల్లో ఒకణ్ణి.